పడవల రేవు నుంచి లారీల గల్లీ దాకా

మన సొసైటీ కార్యదర్శిగారు ఈ ఏటి సావనీరుకి "ఏదైనా చరిత్ర మీద రాయండి మాస్టారూ" అన్నారు. టిప్పు సుల్తాను మీదో, సర్ సయ్యద్ మీదో రాస్తాననుకుని వుంటారు. వాళ్లని గూర్చి రాసినవారు చాలామందే వున్నారు. మన గల్లీని గూర్చి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు. అందుచేత నేను గల్లీ చరిత్రే రాయదల్చుకున్నాను. గల్లీకి చరిత్ర ఏమిటని నవ్వకండి. పొద్దున్న ఎనిమిదిన్నరకి పిల్లల్ని చెయ్యిపట్టుకుని బడికి తీసుకొచ్చే తల్లుల్ని అడగండి, వాళ్లు నవ్వరు.

నేను ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఊరి పేరూ, వీధి పేరూ కావాలనే రాయటంలేదు. మనవాళ్లకి చెప్పనక్కర్లేదు, బయటివాళ్లకి అక్కర్లేదు. అమలాపురంలో చదివినా, రాజోలులో చదివినా, కొత్తపేటలో చదివినా ఎవరికి వారు ఇది తమ వీధి సంగతే అనుకుంటారని నా ధైర్యం.

మన కోనసీమకి అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడిమిన చీల్చుకుపోయే వైనతేయ, అడుగున బంగాళాఖాతం. ఎటు చూసినా నీళ్లే. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ దొరని మనం పంట నీళ్లు ఇచ్చినవాడిగానే తలుచుకుంటాం. ఆయన లెక్కలో ఆ కాలవలు రోడ్లు కూడాను. రైళ్ల మీద డబ్బు పోసేకంటే పడవలు నడిచే కాలవలు తవ్వటం మేలని సీమలో జీవితాంతం వాదించిన మనిషి ఆయన. బొబ్బర్లంక దగ్గర తలుపులు ఎత్తితే మధ్య డెల్టా కాలవల్లోకి గోదావరి దిగేది. నీళ్లతోపాటు పడవలూ దిగేవి. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలవనే వంతెనెక్కించి అవతలి లంకకి తీసుకుపోయారు. లెఫ్టినెంట్ హేగ్ కట్టించిన ఆ పాత అక్విడక్టు 49 కమానుల మీద నిలబడింది. కింద నది, పైన కాలవ. మా పిల్లల్ని ఒకసారి అక్కడికి విహారయాత్రకి తీసుకెళితే ఒకడు "సార్, నీళ్ల మీద నీళ్లా?" అని నోరు తెరిచాడు. వాడికి ఆ రోజు ఇంక పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

మా దాదా గాజుల వ్యాపారం చేసేవారు. భుజాన గాజుల మలారం వేసుకుని ఊరూరా తిరిగి, వయసు మళ్లాక ఇక్కడే కాలవగట్టున చిన్న దుకాణం పెట్టుకున్నారు. సరుకు రాజమండ్రి నుంచి పడవలో దిగేది. గట్టు వెంట మనుషులు తాడు భుజాన వేసుకుని పడవని లాగుకుంటూ వచ్చేవారట. లాకుల దగ్గర నీళ్లు సమానమయ్యేదాకా పడవలు వరసగా ఆగేవి. ఆగినచోట టీ దుకాణం, టీ దుకాణం పక్కన చుట్టల దుకాణం, దాని పక్కన బట్టల దుకాణం. కోనసీమలో లాకుల దగ్గర బజార్లు పుట్టిన వైనం ఇదేనండి. లాంచీలు వచ్చాక సరంగులకి ఊళ్లో మంచి మర్యాద వుండేదట. ఆ సరంగు అన్న మాట కూడా ఫార్సీ 'సర్‌హంగ్' నుంచి వచ్చిందే.

దాదా చెప్పిన ఒక్క మాట నాకు ఈ వ్యాసమంతటికీ మూలం. "దుకాణం ముఖం కాలవకి, ఇంటి ముఖం గల్లీకి" అనేవారు. సరుకు దిగేదీ, ఎక్కేదీ, కూలీలు కేకలేసుకునేదీ అంతా కాలవ వైపు. వెనకవైపు గల్లీలో ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని బియ్యం ఏరుకునేవారు, పిల్లలు గోళీలాడేవారు, పెళ్లికి షామియానా వేస్తే ఆ గల్లీలోనే వేసేవారు. బజారూ మొహల్లా వీపులు ఆనించుకుని కూర్చున్నా ఒకరి మీద ఒకరు పడేవారు కారు. మొహల్లా అన్న అరబీ మాటకి అసలు అర్థమే బరువు దించి మకాం వేసే చోటు. ఇప్పుడూ బరువులు దించుతున్నారనుకోండి, అది లారీల బరువు.

మాటల సంగతి వచ్చింది గనక ఇంకొక్కటి. మనం నిత్యం వాడే 'రహదారి' కూడా ఫార్సీదే. మొగలాయీల కాలంలో రాహ్‌దారీ అంటే దారిలో సరుకు మీద వసూలు చేసే సుంకం. ఔరంగజేబు గద్దెనెక్కిన తొలి రోజుల్లోనే దాన్ని రద్దుచేశాడు. రద్దయినా దారి పొడుగునా వసూళ్లు ఆగలేదని చరిత్రకారులు రాశారు. అది చదివినప్పుడు నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

1960, 70 దశకాల్లో కాలవ మీద రాకపోకలు క్రమంగా సన్నగిల్లాయి. వేసవిలో కాలవ కట్టేస్తే పడవకి దారి లేదు, లారీకి ఆ బాధ లేదు. తెల్లారేసరికి ఇంటి గుమ్మంలో సరుకు దించిపోతుంది. అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి లారీ ఎక్కాయి. లారీ ఎక్కాక అవి కలకత్తా దాకా పోతాయి, అందులో మన రైతుకి లాభమే. నేను లారీకి విరోధిని కాను. కాని లారీ వచ్చిన రోజు నుంచీ దుకాణం తన ముఖం తిప్పుకుంది. కాలవకి వీపు పెట్టి గల్లీ వైపు తిరిగింది. కాలవగట్టు చెత్త వేసే చోటయింది, గల్లీ రేవయింది. పడవలకని తవ్విన కాలవ వెడల్పు ఎంతో, మనుషులకని వదిలిన గల్లీ వెడల్పు ఎంతో ఆ రోజున ఎవరూ కొలిచినట్టు లేదు.

ఆ తర్వాతి కథ నా కళ్లముందు నడిచింది. నా చిన్నతనంలో కాకినాడ పోవాలంటే కోటిపల్లి రేవులోనో, యానాం రేవులోనో గోదావరి దాటాలి, కాదంటే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి. పంటు మీద బస్సు ఎక్కించి దాటిస్తుంటే బిస్మిల్లా అనుకుంటూ మా అమ్మీ కళ్లు మూసుకునేది. రైలు సంగతి చెప్పుకోకపోవటమే మంచిది. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా వున్న పట్టాలనే రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పీకి పట్టుకుపోయారు. మళ్లీ 2004లో గాని ఆ లైను మీద బండి నడవలేదు. అది నది దాటి అమలాపురం రావటం ఈ వ్యాసం రాసేనాటికి కూడా జరగలేదు. రైలు రాని లోటంతా రోడ్డే మోస్తోంది.

1980ల నుంచి గ్యాసు కోసం తవ్వకాలు మొదలై పెద్ద పెద్ద యంత్రాల ట్రాలీలు కొబ్బరితోటల మధ్య సన్నని రోడ్ల మీద నడిచాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు రోడ్డు మీద నిలబడి ఆ మంట చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1996 నవంబరు 6 తుఫాను కొబ్బరితోటల్ని పడగొట్టింది. ఆ తర్వాత కువైట్, మస్కట్, దుబాయి ప్రయాణాలు ఇంకా పెరిగాయి. మన కుటుంబాల్లో గల్ఫు మెతుకు తినని ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ డబ్బు ఏమైంది? ఆడపిల్లల పెళ్లిళ్లు అయ్యాయి, పెంకుటిళ్లు మేడలయ్యాయి, మేడల కింద దుకాణాలు పడ్డాయి. కింద అద్దె వస్తే పైన బతుకు సాగుతుందన్నది మన లెక్క. తప్పు లెక్క అని నేను అనలేను, మా బావమరిది వేసిన లెక్క కూడా అదే.

2002లో యానాం–ఎదుర్లంక వారధి తెరిచారు. ఆ ఏడు మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకరు బాలయోగిగారి పేరే దానికి పెట్టారు. అటు చించినాడ వంతెన వుండనే వుంది. దాంతో కాకినాడకీ నరసాపురానికీ నడుమ కోనసీమ దారి తెరుచుకుంది. ఇప్పుడు 216వ నంబరుగా పిలిచే జాతీయ రహదారి అదే. చుట్టూ నీళ్లతో ఒక మూల ఒదిగి వున్న నేల దారి మధ్యకి వచ్చి కూర్చుంది. దారి మధ్యకి వచ్చిన స్థలానికి ధర పెరగటం, ధర పెరిగిన స్థలంలో కాంప్లెక్సు లేవటం మామూలేగా. 2022 ఏప్రిల్ 4న అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక కచేరీలూ, వాటి వెంట జిరాక్సు దుకాణాలూ, హోటళ్లూ మరింత పెరిగాయి. 2011 జనాభా లెక్కల్లో అమలాపురం పట్నం జనం 53 వేలు దాటారు, మునిసిపాలిటీ విస్తీర్ణం చూస్తే ఏడు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే చదరపు కిలోమీటరుకి ఏడు వేల పైన మనుషులు. ఇవి పట్నంలో నిద్రపోయేవాళ్ల లెక్కలు. పొద్దున్న చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనిమీద వచ్చి సాయంత్రం పోయేవాళ్లు అందులో లేరు, వాళ్ల మోటారు సైకిళ్లూ లేవు.

ఇక మన గల్లీకి వద్దాం. పోయిన ఏడు మా ఏడో తరగతి పిల్లలతో లెక్కల పాఠం కింద టేపు పెట్టి గల్లీ కొలిపించాను. అరుగుల నుంచి అరుగుల దాకా సరిగ్గా పన్నెండు అడుగులు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్ల దాకా వుండొచ్చు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. పన్నెండులోంచి ఎనిమిదిన్నర తీసెయ్యండి. లారీ ఒక గోడకి అంటుకుని నిలబడినా మిగిలేది మూడున్నర అడుగులు. ఆ మూడున్నర అడుగుల్లోనే మురుగుకాలవ, మోటారు సైకిలు, కొబ్బరిబోండాల బండి, పాలవాడు, పుస్తకాల సంచీతో పిల్ల. జనాజా ఎత్తుకుని నలుగురు పక్కపక్కన నడవాలన్నా చోటు చాలదు. ఒకసారి అలాగే జరిగింది. లారీ డ్రైవరు ఎక్కడున్నాడో వెతికి తీసుకొచ్చేదాకా మయ్యత్తుని భుజాల మీద మోస్తూ నిలబడ్డాం. ఎవరి ఇంటి మయ్యత్తో పేరు రాయను.

ఇదే కొలతని గూర్చి మన దీన్‌లో ఒక పాత లెక్క వుంది. దారి వెడల్పు మీద తగాదా వస్తే ఏడు మూరలు వదలాలని హదీసు. మూర ఒకటిన్నర అడుగు వేసుకుంటే పదిన్నర అడుగులు. సరుకుతో వున్న రెండు ఒంటెలు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోవటానికి ఆ వెడల్పు అని కొందరు పండితులు వివరించారు. ఆ లెక్కన మన పెద్దలు అడుగున్నర ఎక్కువే వదిలారు పాపం. ఒంటెలకైతే మన గల్లీ దివ్యంగా సరిపోతుంది.

బాగ్దాదులో కాజీగా వుండి 1058లో కాలంచేసిన అల్ మావర్దీ రాజ్యపాలన మీద రాసిన గ్రంథంలో ముహ్‌తసిబ్ అనే అధికారి విధులు చెప్పాడు. ముహ్‌తసిబ్ అంటే బజారు మీద నిఘా వుంచేవాడు. తూకాలు, కల్తీలు చూడటంతోపాటు దారుల్ని కాపాడటం కూడా ఆయన పనే. జనం నడిచే దారిలో ఎవరన్నా కట్టడం కడితే, దారి ఎంత వెడల్పుగా వున్నా సరే, తీయించెయ్యాలంటాడు మావర్దీ. కట్టింది మసీదైనా సరే తీయించాలంటాడు. దారులు వున్నది నడవటానికిగాని కట్టుకోవటానికి కాదని ఆయన కారణం. తొమ్మిది వందల ఏళ్ల పైమాట. ఈ సంగతి ఒక శుక్రవారం నమాజు తర్వాత నలుగురిలో చెబితే ఒక పెద్దాయన "మాస్టర్ సాబ్, ఈ మాట దుకాణాలవాళ్లకి చెప్పండి" అన్నారు. ఆయన ఇంటి మెట్లు గల్లీలోకి రెండడుగులు వచ్చి వున్నాయి. నేను మెట్లవైపు చూశాను, ఆయన ఆకాశంవైపు చూశారు.

మనమేదో కొత్త బాధ పడుతున్నామని అనుకోకండి. రోము నగరంలో జనం తొక్కిసలాట భరించలేక క్రీస్తుకి పూర్వం 45 ప్రాంతంలో జూలియస్ సీజరు చట్టం పగటిపూట చాలావరకు సరుకు బండ్లని నగరంలో తిరగనివ్వలేదు. అప్పుడు అవి రాత్రి తిరగసాగాయి. నూరేళ్లు దాటాక కూడా రాత్రుళ్లు బండ్ల చప్పుడుకి నిద్ర పట్టటంలేదని అక్కడి కవి జువెనాల్ మొత్తుకున్నాడు.

ఢిల్లీ చాందినీ చౌక్ కథ మన కథకి మరీ దగ్గర. షాజహాను కూతురు జహానారా బేగం 1650 ప్రాంతంలో ఆ చౌక్ వేయించినప్పుడు బజారు నడిమధ్య నుంచి కాలవ పారేది. ఇరువైపులా దుకాణాలు, వాటి వెనక కూచాలు, కట్రాలు, హవేలీలు, రాత్రయితే మూసుకునే ఫాటకాలు. తర్వాతి కాలంలో కాలవ పూడ్చేశారు, హవేలీల్లో టోకు వ్యాపారం చేరింది, ఫాటకాలు తెరిచినవి తెరిచినట్టే వుండిపోయాయి. అక్కడికి దగ్గర్లోనే బల్లీమారాన్‌లో గలీ కాసిం జాన్. మన గాలిబ్ చివరి రోజులు గడిపి 1869 ఫిబ్రవరి 15న కన్నుమూసిన ఇల్లు అక్కడుంది. 1999లో ఢిల్లీ ప్రభుత్వం తీసుకుని బాగుచేసేదాకా ఆ ఇంట్లో దుకాణాలు నడిచాయి. గాలిబ్ ఇంటికే దిక్కులేకపోతే మనదేముంది అని ఒక్కోసారి అనిపిస్తుంది. చివరికి 2021లో చాందినీ చౌక్ ముఖ్యవీధిలో పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు వాహనాలు ఆపి కాలినడకకి వదిలారు. కాలవ పూడ్చటం ఎంత తేలికో, వీధిని తిరిగి మనిషికి అప్పగించటం అంత కష్టమైంది.

చట్టం సంగతి కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది మనకి పనికొచ్చే భాగం. మద్రాసు రాజధానిలో 1920లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. అప్పటికి కోనసీమా మద్రాసులోనే, కన్నడదేశపు ఉడుపీ మద్రాసులోనే. ఏ వీధి నివాసానికి, ఏ వీధి వ్యాపారానికి అని పథకం వేసుకోవటానికి ఆ చట్టం దారి చూపింది. మద్రాసు నుంచి విడిపోయాక ఆంధ్ర ప్రాంతానికి సంక్రమించిందీ ఆ చట్టమే. ఉడుపిలో ఆ చట్టం కింద పథకం వున్న నివాస ప్రాంతంలో ఒకాయన కల్యాణ మంటపానికని అనుమతి తీసుకున్నాడు. తర్వాత దాన్ని సినిమాహాలుగా మార్చుకోవటానికి అక్కడి పురపాలకులు ఒప్పుకున్నారు. పక్కన కాపురముంటున్న ఒక మనిషి కోర్టుకెక్కాడు. హైకోర్టు, తప్పే గాని ఇప్పటికే బోలెడు డబ్బు పోసి కట్టేశాడు కదా అని మెత్తబడింది. సుప్రీంకోర్టు 1974లో అలా కుదరదంది. నివాస ప్రాంతమని పథకంలో వున్నచోట సినిమాహాలుకి ఒప్పుకునే అధికారం పురపాలకులకి లేదని, డబ్బు ఖర్చుపెట్టేశాడన్నది సాకు కాదని, అక్కడ నివసించేవాడికి అడిగే హక్కు వుందని తేల్చి తీర్మానాన్ని కొట్టేసింది. ఒక్క మనిషి, ఒక చిన్న పట్నం. ఆ తీర్పు తర్వాత ఎన్నో కేసుల్లో వాదనకి ఆధారమైంది.

అయితే తీర్పుకీ గల్లీకీ మధ్య చాలా దూరం వుంది. మన రాష్ట్రంలో 2007 డిసెంబరు ఆఖర్లో అనుమతి లేని కట్టడాలని జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం తెచ్చారు. ఆ తర్వాత కూడా అలాంటివి వచ్చాయి. జరిమానా కడితే గోడ సక్రమమవుతుంది, మరి గల్లీ వెడల్పవుతుందా? సెల్లారు కట్టించేది బండ్లు పెట్టుకోవటానికి. ఎన్ని సెల్లార్లలో బండ్లున్నాయో, ఎన్నింట్లో బస్తాలున్నాయో మీకే తెలుసు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మీరట్ శాస్త్రినగర్‌లో నివాసానికని ఇచ్చిన స్థలంలో కట్టిన దుకాణాలని పడగొట్టమంది. ఎన్నేళ్లయినా, ఎంత ఖర్చుపెట్టినా అక్రమం సక్రమం కాదని చెప్పింది.

ఈ తీర్పు పత్రికలో చదివి నేను సంతోషించాను. ఆ రాత్రి మాత్రం నాకు 2006 ఢిల్లీ గుర్తొచ్చింది. నివాస ప్రాంతాల్లో దుకాణాలకి తాళాలు వెయ్యమని ఆ ఏడు ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, సెప్టెంబరులో సీలంపూర్‌లో చిన్న దుకాణాలవాళ్లు రోడ్డెక్కారు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సీలంపూర్‌లో ఎవరుంటారో మీకు చెప్పనక్కర్లేదు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్నవాడిదీ దుకాణమే, నాలుగంతస్తుల కాంప్లెక్సూ దుకాణమే. తాళం ముందు ఎవరికి పడుతుంది? మరుసటి ఏడు వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లానులో కొన్ని వీధుల్లో ఇల్లూ దుకాణమూ కలిసి వుండటానికి వీలు కల్పించారు. అందుచేత మన గల్లీ విషయంలో కూల్చండి, మూయండి అని అర్జీ పెట్టటానికి నాకు చెయ్యి రాలేదు. ఇంకా దాచకుండా చెప్పాలంటే, ఈ సావనీరు వెనక పేజీల్లో ప్రకటనలిచ్చి అచ్చు ఖర్చు భరించినవారిలో ఆ దుకాణాలవారూ వున్నారు. వారికి ధన్యవాదాలు చెప్పుకుంటూనే ఇది రాస్తున్నాను.

అర్జీ అయితే పెట్టవలసివచ్చింది. పోయిన వానాకాలంలో వెనక్కి తీస్తున్న సరుకు బండి కింద మా అయిదో తరగతి పిల్ల పాదం పడింది. రెండు ఎముకలు విరిగాయి. నేను క్లాసులోంచి పరిగెత్తుకెళ్లేసరికి ఆ పిల్ల ఏడవటంలేదు, చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని రెండోది ఎక్కడుందో వెతుకుతోంది. రెండు నెలలు బడికి రాలేదు. ఆ భయంతో ఇంకో రెండిళ్లవాళ్లు ఆడపిల్లల్ని మానిపించారు. "ఖురాను చదువు ఇంట్లో చెప్పించుకుంటాం మాస్టర్ సాబ్, ఆ గల్లీలోంచి పంపలేం" అంది ఒక తల్లి. ఉర్దూ మీడియంలో ముగ్గురు పిల్లలు తగ్గటమంటే ఏమిటో బయటివాళ్లకి తెలియదు. పిల్లలు తగ్గితే పోస్టు కదులుతుంది, పోస్టు కదిలితే మీడియం పోతుంది. లారీ గుద్దేది ఒక పిల్లని, మూతపడేది మొత్తం బడి.

మా పిల్లలు వారం రోజులపాటు బడి గేటు దగ్గర కూర్చుని వచ్చే పోయే బండ్లన్నీ గీతలు గీసి లెక్కపెట్టారు. ఆ కాగితాలు అర్జీకి జతచేసి ఒక కచేరీకి తీసుకెళ్లాం. అక్కడివాళ్లు ఇంకో కచేరీ పేరు చెప్పారు. రెండో కచేరీలో "ఇది ట్రాఫిక్కు సంగతండీ, ప్లానింగుది కాదు" అన్నారు. మూడో చోట "ఇది ప్లానింగుదండీ, ట్రాఫిక్కుది కాదు" అన్నారు. కోపం వచ్చిన మాట నిజమే. కాని ఆలోచిస్తే ఆ ఇద్దరు చెప్పిందీ సగం సగం నిజం. కట్టేటప్పుడు అది ప్లానింగు, కట్టాక ట్రాఫిక్కు. ఒకరి చేతిలోంచి జారి రెండోవారి చేతిలో పడేలోపల గల్లీలో లారీ ఆగిపోయింది.

చివరికి పని జరిగింది కచేరీలో కాదు, ఒక అరుగు మీద. పెద్దలు నలుగురు, దుకాణాలవాళ్లు ముగ్గురు, ఇద్దరు తల్లులు (వాళ్లు గుమ్మం లోపలే కూర్చుని మాట్లాడారు), నేను. టోకు వ్యాపారం చేసే ఆయన మనిషి మంచివాడే. "సరుకు దింపకపోతే యాపారం ఎలాగండి మాస్టారూ, ఆయ్? మీరే సెప్పండి" అన్నాడు. ఆయన తాతగారి దుకాణం కూడా ఒకప్పుడు కాలవకే ముఖం పెట్టి వుండేదని నేను గుర్తుచేశాను. ఆయనకి తెలియదట. కాసేపు ఊరుకుని, వెనకవైపు గట్టు మీద దారి బాగుచేస్తే చిన్న బండ్లు అటునుంచి తెప్పించుకోవటానికి అభ్యంతరం లేదన్నాడు. ఆ గట్టు ఎవరిదో, బాగుచెయ్యటానికి ఎవరిని అడగాలో అది ఇంకో అర్జీ. అది రాసి ఇచ్చాం, జవాబు రావలసివుంది. అందాకా పెద్ద లారీలు ఫజర్ నమాజు తర్వాత వచ్చి ఏడున్నరలోపల దింపుకుని వెళ్లిపోవాలని, బడి వదిలే గంట ముందూ వెనకా ఏదీ ఆగకూడదని ఒప్పుకున్నారు. తెల్లవారుజామున బస్తాల చప్పుడుకి నిద్ర చెడుతుందని గల్లీ మొదట్లో ఇంటివారు గొణిగారు. రోములో జువెనాల్ గుర్తొచ్చాడు. సరేనని అక్కడ మాత్రం ఆరు దాటాకే ఆపుకోమన్నాం. కాగితం మీద అందరూ సంతకాలు పెట్టారు.

ఆ కాగితం రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. సంక్రాంతి ముందు సరుకు ఎక్కువై తప్పింది. రంజాను ముందు మన బట్టల దుకాణాలవల్లే తప్పింది, ఎవరిని ఏమంటాం. తిరిగి కూర్చున్నాం, తిరిగి నడుస్తోంది. పాదం విరిగిన పిల్ల బడికొస్తోంది, కొంచెం ఎత్తి ఎత్తి నడుస్తుంది. మానేసిన ఇద్దరిలో ఒక పిల్ల తిరిగి చేరింది. రెండో పిల్ల ఇంటికి వచ్చే ఆదివారం సొసైటీ తరఫున ఇంకోసారి వెళ్లాలనుకుంటున్నాం. రాదల్చుకున్నవాళ్లు అసర్ నమాజు తర్వాత మసీదు దగ్గర కలవండి.

ఇది రాస్తున్న రోజు పొద్దున్న ఏడూ నలభైకి లారీ ఒకటి ఇంకా గల్లీలోనే వుంది. డ్రైవరు కుర్రాడు నన్ను చూసి దిగొచ్చి "గోడౌను తాళాలు రాలేదండి మాస్టారూ, ఇంకో పది నిమిషాలండి" అన్నాడు. సరేనని గడియారం చూసుకుని, పిల్లలు వచ్చే వేళకి గల్లీ మొగలో నిలబడ్డాను.